కిటికీ దృశ్యం, కాలిబాట దృశ్యం: ఇంగ్లండ్ పల్లెల్లో చట్టం చూసే చూపు

ఇంగ్లండులో ఊరి చివరి పొలంలో ఇళ్లు కట్టడానికి ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే, ఆ పొలం పక్కనున్న స్తంభానికో గేటుకో స్థానిక కౌన్సిల్ వారి నోటీసు ఒకటి వేలాడుతుంది. ఆ వెంటనే కౌన్సిల్‌కు అభ్యంతరాల ఉత్తరాలు మొదలవుతాయి. చాలా ఉత్తరాల సారం ఒకటే: ఇన్నేళ్లుగా మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తున్న పచ్చిక బయలు, గొర్రెలు, అవతలి కొండ ఇక కనిపించవు, మా ఇంటి ధర పడిపోతుంది. దరఖాస్తును పరిశీలించే ప్లానింగ్ అధికారి ఆ ఉత్తరాలన్నీ చదువుతారు గాని, ఈ రెండు వాదనలకూ తన నివేదికలో విలువ కట్టరు, కట్టకూడదు కూడా. అదే పొలాన్ని, అదే కొండను చర్చి వెనకనుంచి పోయే కాలిబాట మీద నిలబడి చూసినప్పుడు కనిపించే దృశ్యంగా వర్ణిస్తూ ఇంకొకరు ఉత్తరం రాస్తే మాత్రం అధికారి దానిని తూకంలో వేసి తీరాలి. చూసేది ఒకటే అయినా, ఎక్కడినుంచి చూస్తున్నామన్న దానిని బట్టి చట్టం దృష్టిలో దాని విలువ మారిపోతుంది. పల్లెల చుట్టూ ఉన్న దృశ్యాలను కాపాడే వ్యవస్థ మొత్తం ఈ మడత మీదే నడుస్తుంది కాబట్టి, ముందు ఈ మడత ఎలా పడిందో చూడాలి.

దీని మూలం 1610 నాటి ఒక పందుల కొట్టంలో ఉంది. నార్ఫోక్ ప్రాంతానికి చెందిన విలియం ఆల్డ్రెడ్ అనే ఆయన, తన ఇంటి పక్కనే పొరుగువాడు పందుల కొట్టం కట్టాడనీ, ఆ దుర్వాసనతో ఇంట్లో ఉండలేకపోతున్నాననీ కోర్టుకెక్కి గెలిచాడు. ఆ తీర్పులో గాలి, వెలుతురు మనిషికి అవసరాలనీ, వాటిని అడ్డుకుంటే దావా వేయవచ్చనీ చెబుతూ, ఇంటి ముందు విశాలంగా పరుచుకున్న దృశ్యం మాత్రం ఆనందానికి సంబంధించిందే తప్ప అవసరం కాదనీ, అది ఇంటికి గొప్ప శోభే అయినా అలాంటి ఆనందాల కోసం చట్టం దావాను అనుమతించదనీ అన్నారు. నాలుగు శతాబ్దాలు గడిచినా ఈ మాట చెక్కుచెదరలేదు. లండనులో కానరీ వార్ఫ్ ఆకాశహర్మ్యం తమ టీవీ సంకేతాలను అడ్డుకుంటోందని స్థానికులు వేసిన కేసులో 1997లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ న్యాయమూర్తులు ఈ పాత సూత్రాన్నే మళ్లీ ఆధారం చేసుకున్నారు. దీని వెనక ఉన్న తర్కం కఠినమైనదే గాని అర్థం లేనిది కాదు. ప్రతి ఇంటికీ తన కనుచూపు మేర మీద హక్కు ఉందని ఒప్పుకుంటే, కొండ మీది ఒక్క ఇల్లు కింది లోయ మొత్తాన్ని, అందులోని వందమంది రైతుల పొలాలతో సహా, గడ్డకట్టించగలదు.

అయితే ఇదంతా ఇద్దరు పొరుగువారి మధ్య నడిచే చట్టం. 1947లో వచ్చిన పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం వేరే తలుపు తెరిచింది. 1948 జులై 1న అది అమలులోకి వచ్చినప్పటినుంచి భూమి యజమానిదే అయినా, ఆ భూమి మీద కట్టడాలు లేపే హక్కు ప్రజల తరఫున ప్రభుత్వ వ్యవస్థ చేతికి వెళ్లింది. కట్టాలనుకునేవారు అనుమతి అడగాలి, ఇచ్చేవారు ప్రజాప్రయోజనాన్ని చూడాలి. దృశ్యం ఈ ప్రజాప్రయోజనం అన్న మాట వెంట చట్టంలోకి అడుగుపెట్టింది. అందువల్లే రోడ్డు, కాలిబాట, ఊరి మైదానం, చర్చి ప్రాంగణం లాంటి అందరూ నిలబడగల చోట్లనుంచి కనిపించేదానికి లెక్క ఉంది, ఒకరి వంటింటి కిటికీకి లేదు. ఒక్క సన్నని మినహాయింపు ఉంది: కొత్త కట్టడం ఇంటి మీద పడిపోతున్నట్టుగా, ఎటు తిరిగినా తప్పించుకోలేనంతగా కమ్మేసి, ఆ ఇల్లు ఎవరికైనా నివాసయోగ్యం కాదనిపించే స్థాయికి చేరితే అప్పుడు దానిని పట్టించుకుంటారు. గాలిమరల అనుమతులపై వచ్చిన అప్పీళ్లను ప్రభుత్వం తరఫున విచారిస్తూ ఈ కొలమానాన్ని పెట్టిన ఇన్‌స్పెక్టర్ పేరు మీద దీనిని లావెండర్ పరీక్ష అంటారు. అందులో నెగ్గడం చాలా అరుదు.

ఒక దృశ్యాన్ని నేరుగా, పేరుపెట్టి, పార్లమెంటు చట్టంతో కాపాడిన సందర్భం ఇంగ్లండులో ఒక్కటే ఉంది. లండనుకు నైరుతి అంచున రిచ్‌మండ్ కొండ మీదనుంచి కనిపించే థేమ్స్ నది వంపును, ఆ ఒడ్డు పచ్చికలను కాపాడటానికి 1902లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. కవులు, చిత్రకారులు ఆరాధించిన దృశ్యానికి, రాజధాని పక్కనే ఉండి పలుకుబడి గల సమర్థకులున్న దృశ్యానికి దక్కిన భాగ్యం అది. మామూలు పల్లెటూరికి అలాంటి చట్టం ఎవరు చేస్తారు?

ఒక్కో దృశ్యానికి విడిగా చట్టం చేయకపోయినా, కొన్ని ప్రాంతాలకు జాతీయ గుర్తింపు ఇచ్చే పద్ధతి 1949నాటి చట్టంతో వచ్చింది. దాని కింద నేషనల్ పార్కులు ఏర్పడ్డాయి, విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతాలు ఏర్పడ్డాయి. ఈ రెండో తరగతిలో మొదటిది 1956లో వేల్స్‌లోని గవర్ ద్వీపకల్పం. ఇంగ్లండులో ఇప్పుడు 34 ఉన్నాయి, అవి దేశ భూభాగంలో సుమారు 15 శాతం. 2023 నవంబరులో వీటి పేరును నేషనల్ ల్యాండ్‌స్కేప్స్ అని మార్చారు. అంతకంటే ముఖ్యమైన మార్పు అదే ఏడాది మరో చట్టంలో వచ్చింది. అప్పటిదాకా ప్రభుత్వ సంస్థలు ఈ ప్రాంతాల ప్రయోజనాలను దృష్టిలో పెట్టుకుంటే చాలు. ఇప్పుడు ఆ ప్రయోజనాలను ముందుకు తీసుకెళ్లడానికి ప్రయత్నించాలి. దృష్టిలో పెట్టుకున్నామని ఫైలులో ఒక వాక్యం రాసి ముందుకు సాగిపోవడం మునుపటంత తేలిక కాదు.

ఇక్కడే చాలామంది గ్రీన్ బెల్ట్‌ను కూడా ఇదే గాటన కట్టేస్తారు. నగరాల చుట్టూ ఖాళీగా ఉంచే ఈ వలయం ఇంగ్లండులో ఎనిమిదో వంతుకు పైగా భూమిని ఆక్రమించి ఉంది కాబట్టి, అందమైన పల్లెసీమలను కాపాడటానికే దానిని పెట్టారని అనుకోవడం సహజం. నిజానికి దాని ఉద్దేశం నగరం అడ్డూఅదుపూ లేకుండా పాకిపోకుండా, పక్కపక్క ఊళ్లు కలిసిపోకుండా ఆపడం. ఆ భూమి చూడటానికి ఎలా ఉన్నా ఫరవాలేదు. యార్క్‌షైర్‌లో ఒక రాతి క్వారీ విస్తరణపై వచ్చిన కేసులో 2020లో సుప్రీంకోర్టు, గ్రీన్ బెల్ట్ ఖాళీతనం అనేది ప్రణాళికా విధానానికి సంబంధించిన భావన అనీ, ప్రతి దరఖాస్తులోనూ దృశ్య ప్రభావాన్ని తప్పనిసరిగా లెక్కలోకి తీసుకోవలసిన పని లేదనీ తేల్చింది. మన హైదరాబాద్ వారికి ఇది సులువుగానే అర్థమవుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కట్టడాలను నియంత్రించిన 1996నాటి 111 జీవో లక్ష్యం జలాశయాల్లోకి వచ్చే నీరు. గండిపేట దారిలో కనిపించే పచ్చదనం దాని వల్ల కలిసొచ్చిన లాభం. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో వచ్చినప్పుడు చర్చంతా నీటి చుట్టూ, భూమి ధరల చుట్టూ తిరిగింది. దృశ్యం ఇంకో దాని నీడలో బతికితే, ఆ ఇంకోటి పోయిన రోజున దాని తరఫున మాట్లాడటానికి ఎవరూ ఉండరు.

జాతీయ గుర్తింపు లేని, గ్రీన్ బెల్ట్‌లో లేని మామూలు ఊళ్ల సంగతే అసలు చిక్కు. ఇంగ్లండ్ జాతీయ ప్రణాళికా విధాన పత్రం 2012లో మొదటిసారి వచ్చినప్పటినుంచీ విలువైన భూదృశ్యాలను కాపాడాలనీ, మెరుగుపరచాలనీ అంటోంది. 2024 డిసెంబరు కూర్పులో ఆ మాట 187వ పేరాలో ఉంది. విలువైనది అంటే ఏమిటో మాత్రం ఆ పత్రం నిర్వచించలేదు. గ్లోస్టర్‌షైర్‌లో లియొనార్డ్ స్టాన్లీ అనే ఊరి పక్కన 150 ఇళ్లకు ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన అనుమతిని స్ట్రౌడ్ కౌన్సిల్ హైకోర్టులో సవాలు చేసినప్పుడు 2015లో ఈ ప్రశ్న సూటిగా ముందుకొచ్చింది. కౌన్సిల్ ఓడిపోయింది. ఒక భూభాగం విలువైనదనాలంటే జనానికి అది ఇష్టమైతే సరిపోదనీ, దానిని మామూలు పల్లెసీమకంటే పైకి తీసుకెళ్లే, చూపించగల భౌతిక లక్షణం ఏదో ఉండాలనీ జస్టిస్ ఔజ్లీ తీర్పు సారం. ఆ మాటతో ఆ రంగంలోని భాషే మారిపోయింది. మా ఊరివాళ్లంతా ఆ పొలాన్ని ప్రేమిస్తారు అన్నది వాదన కాకుండా పోయింది. ఆ పొలంలో మధ్యయుగపు నాగలి చాళ్ల గట్లు ఇంకా కనిపిస్తున్నాయి, ఆ పొదల కంచె పాత మ్యాపుల్లో ఉన్న చోటే ఇప్పటికీ ఉంది, ఆ వాలు ఊరికీ నదికీ మధ్య ఉన్న చివరి విరామం అన్నవి వాదనలయ్యాయి. భూదృశ్య నిపుణుల సంస్థ ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ 2021లో ఈ విలువను ఎలా అంచనా కట్టాలో మార్గదర్శకాన్ని ప్రచురించింది. ప్రకృతి వారసత్వం, సాంస్కృతిక వారసత్వం, ప్రముఖులతోనో సంఘటనలతోనో ముడిపడిన అనుబంధాలు, వినోదం, ప్రశాంతత లాంటి అంశాలను ఒక్కొక్కటిగా పరిశీలించమంటుందది. ప్రేమను పట్టికగా మార్చడం కొంచెం విచిత్రంగా ఉన్నా, విచారణ గదిలో నిలబడేది పట్టికే.

ఈ పట్టికను ఊరే రాసుకోగల అవకాశాన్ని 2011నాటి స్థానిక స్వపరిపాలన చట్టం ఇచ్చింది. ఇంగ్లండులో సుమారు పదివేల పారిష్ కౌన్సిళ్లు ఉన్నాయి. మన గ్రామ పంచాయతీలతో పోల్చదగినవే గాని, వాటికి అనుమతులిచ్చే అధికారం లేదు. ఆ చట్టం తరువాత, పారిష్ కౌన్సిల్ తన పరిధికి నైబర్‌హుడ్ ప్లాన్ అనే ప్రణాళికను తయారుచేసుకోవచ్చు. దానిని స్వతంత్ర పరీక్షాధికారి ఒకరు పరిశీలిస్తారు, ఆపైన ఊరిలో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది, పోలైన ఓట్లలో సగానికి పైగా అనుకూలమైతే అది ఆ ప్రాంతపు అధికారిక అభివృద్ధి ప్రణాళికలో భాగమవుతుంది. 2004నాటి చట్టం ప్రకారం, బలమైన ఇతర కారణాలు లేకపోతే దరఖాస్తుల మీద నిర్ణయం ఆ ప్రణాళిక ప్రకారమే ఉండాలి. 2013లో కంబ్రియాలోని అప్పర్ ఈడెన్‌తో మొదలై, ఇప్పటికి వెయ్యికి పైగా ఇలాంటి ప్రణాళికలు అమలులోకి వచ్చాయి. వాటిలో చాలా వాటిలో ముఖ్యమైన దృశ్యాలు అనే విధానం ఒకటి కనిపిస్తుంది: ఊరి మ్యాపు మీద అంకెలు వేసిన చుక్కలు, చుక్కల నుంచి విసనకర్రల్లా విచ్చుకునే బాణాలు, ఒక్కో చుక్కకూ ఒక ఫోటో, ఫోటో కింద నాలుగు వాక్యాలు.

ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంది పనితనమంతా. పరీక్షాధికారి ఆ విధానాన్ని చదివి ముందు అడిగే ప్రశ్న, ఆ చుక్క దగ్గర ఎవరైనా నిలబడవచ్చా అన్నది. ప్రైవేటు తోటలో పడిన చుక్కలు అక్కడే రాలిపోతాయి. రెండోది, ఆ దృశ్యంలో ప్రత్యేకంగా ఉన్నదేమిటి అన్నది. పచ్చని పొలాలు, సుందరమైన గ్రామీణ వాతావరణం అని రాస్తే ఇంగ్లండులోని ఏ ఊరికైనా ఆ మాట సరిపోతుంది కాబట్టి అది సాక్ష్యం కాదు. కొండవాలు దిగే దారిలో మలుపు తిరగగానే చెట్ల మధ్య నుంచి చర్చి శిఖరం మొదటిసారి కనిపించే చోటు ఇది, ఆ శిఖరానికీ ఊరి ఇళ్ల కప్పులకూ మధ్య ఉన్న ఖాళీ పొలమే ఊరిని ఊరిగా చూపిస్తోంది అని రాస్తే, ఆ పొలంలో రెండంతస్తుల ఇళ్లు లేస్తే పోయేదేమిటో చదివిన ఎవరికైనా తెలుస్తుంది. మూడోది, ఈ విధానం ఏమి చేయమంటోంది అన్నది. ఈ దృశ్యంలో ఎలాంటి కట్టడమూ రాకూడదు అని రాసిన వాక్యాలను పరీక్షాధికారులు చాలాసార్లు కొట్టివేస్తారు, లేదా తిరగరాస్తారు. జాతీయ విధానంతో సరితూగడం, సుస్థిర అభివృద్ధికి తోడ్పడటం అన్నవి ఈ ప్రణాళికలు తప్పక పాటించవలసిన ప్రాథమిక షరతులు. కట్టడం రాదలిస్తే దాని స్థానం, ఎత్తు, కప్పు వాలు, నాటే చెట్లు ఆ దృశ్యపు ముఖ్య లక్షణాలను గౌరవించేలా ఉండాలి, దరఖాస్తుదారు దానిని చూపించాలి అన్న వాక్యం నిలబడుతుంది. కట్టొద్దు అన్న మాట కూలుతుంది, ఎలా కట్టాలన్న మాట నిలుస్తుంది. ఊరి సమావేశంలో ఈ తేడాను వివరించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు, ఎందుకంటే వచ్చినవాళ్లలో ఎక్కువమంది కోరుకునేది మొదటి వాక్యాన్నే.

అతి కూడా చేటు చేస్తుంది. ఊరి చుట్టూ అన్ని దిక్కులకూ బాణాలు వేసి ముప్పై దృశ్యాలను గుర్తిస్తే, అన్నీ ముఖ్యమైనవే అనడం ఏదీ ముఖ్యం కాదనడంతో సమానమవుతుంది. పైగా ఇది దృశ్యాల పేరుతో చుట్టూ గోడ కట్టడమే అన్న అనుమానం పరీక్షాధికారికి కలుగుతుంది. అలాగే కొన్ని ఊళ్లు దృశ్యంలోని పొలాన్నే లోకల్ గ్రీన్ స్పేస్‌గా ప్రకటించి, దాదాపు గ్రీన్ బెల్ట్ స్థాయి రక్షణను తెచ్చుకోవాలని చూస్తాయి. ఆ గుర్తింపు క్రికెట్ మైదానం, ఊరి చెరువు, స్మారక తోట లాంటి దగ్గరి, చిన్న స్థలాలకే. విస్తారమైన భూభాగానికి వర్తించదని జాతీయ విధానంలోనే రాసి ఉంది. ముప్పై ఎకరాల గోధుమ పొలం అక్కడ ఇమడదు.

ఫోటోల విషయంలోనూ పోరు ఉంటుంది. వెడల్పు కటకంతో తీస్తే ఎదుటి కొండ చిన్నదై దూరంగా జరిగిపోతుంది, జూమ్ చేస్తే మీదకు వచ్చి పడుతుంది. మొదటిది కట్టేవారికి అనుకూలం, రెండోది ఊరికి. అందుకే నిపుణుల మార్గదర్శకం పూర్తి ఫ్రేము కెమెరాకు 50 మిల్లీమీటర్ల కటకాన్ని ప్రమాణంగా పెట్టి, మనిషి కంటి ఎత్తునుంచి తీయమంటుంది. ఆకులు రాలిన శీతాకాలంలో కూడా తీయడం మేలు. జులైలో చెట్లు దాచినదాన్ని జనవరి బయటపెడుతుంది. ఊరి తరఫున పనిచేసే స్వచ్ఛంద సభ్యులు ఈ ఒక్క సంగతి తెలియక, ఎండకాలపు అందమైన ఫోటోలన్నీ జోడించి, ఇళ్లు కనపడనే కనపడవన్న అవతలివారి వాదనకే బలం చేకూర్చగలరు.

దృశ్యానికి ఇంకో దొడ్డిదారి కూడా ఉంది, అది పాత కట్టడాలది. వారసత్వ జాబితాలో ఉన్న కట్టడపు పరిసరాన్ని కాపాడటంపై ప్రత్యేక శ్రద్ధ చూపాలని 1990నాటి చట్టం ఆదేశిస్తుంది. నార్తాంప్టన్‌షైర్‌లో లైవ్‌డెన్ న్యూ బీల్డ్ అనే భవనం ఉంది. సర్ థామస్ ట్రెషమ్ మొదలుపెట్టి, 1605లో ఆయన చనిపోవడంతో అసంపూర్తిగా మిగిలిపోయిన రాతి కట్టడం. దాని దృశ్యపరిధిలో నాలుగు గాలిమరలకు ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన అనుమతిని 2014లో అప్పీలు కోర్టు చెల్లదంది. పరిసరానికి జరిగే హానిని మామూలు లాభనష్టాల తూకంలో ఒక రాయిగా వేస్తే సరిపోదనీ, దానికి చట్టమే గణనీయమైన బరువు ఇచ్చిందనీ ఆ తీర్పు చెప్పింది. ఊరి చర్చి వారసత్వ జాబితాలో ఉంటే, దాని శిఖరాన్ని చూపించే పొలానికి ఆ బరువులో కొంత వస్తుంది. పొలం గురించి వాదించి ఓడిపోయిన ఊళ్లు చర్చి గురించి వాదించి గెలిచే అవకాశం అందువల్లే ఉంది.

ఇంత పకడ్బందీగా రాసుకున్న విధానాన్ని కూడా పక్కకు నెట్టగల శక్తి ఒకటుంది: ఇళ్ల లెక్క. ప్రతి కౌన్సిల్ రాబోయే 5 ఏళ్లకు సరిపడా ఇళ్ల స్థలాలను చూపించగలగాలి. చూపించలేకపోతే త్రాసు అనుమతి వైపు మొగ్గుతుంది. హాని లాభాలకంటే స్పష్టంగా, గణనీయంగా ఎక్కువైతే తప్ప అనుమతి ఇవ్వాలి. ఒక్క దృశ్యానికి జరిగే హాని వంద ఇళ్ల లాభం ముందు అంత బరువు తూగడం కష్టం. దీనికి విరుగుడుగా జాతీయ విధానంలోనే ఒక రక్షణ ఉంది: నైబర్‌హుడ్ ప్లాన్ వయసు 5 ఏళ్లు దాటకుండా, అందులో ఊరు తన వాటా ఇళ్లకు తానే స్థలం కేటాయించి ఉంటే, ఆ ప్రణాళికకు విరుద్ధమైన దరఖాస్తును తిరస్కరించడానికి బలం వస్తుంది. అంటే దక్షిణపు పొలం దృశ్యాన్ని నిలుపుకోవాలంటే ఉత్తరపు పొలాన్ని ఇళ్లకు ఇచ్చుకోవాలి. 15 లక్షల ఇళ్ల లక్ష్యంతో వచ్చిన ప్రభుత్వం 2024 డిసెంబరులో కౌన్సిళ్ల వార్షిక లెక్కను దేశం మొత్తానికి సుమారు 3,70,000కు పెంచాక ఈ బేరం ఇంకా బిగుసుకుంది.

ఈ బేరాన్ని నేను తప్పు పట్టలేను. దృశ్య రక్షణ పేరుతో జరిగే ఉద్యమాల్లో కొంత భాగం, ఇప్పటికే లోపల ఉన్నవారు తలుపు వేసుకోవడమే. అందమైన పల్లెల్లో ఇళ్ల ధరలు ఆ ఊళ్లో పుట్టిన యువ దంపతులకు అందకపోవడం, పిల్లలు తగ్గి బడి మూతపడే స్థితికి రావడం ఆ దేశంలో అందరూ మాట్లాడుకునే సంగతే. పైగా, కాపాడుతున్న ఆ దృశ్యం అనాదిగా ఉన్నదేమీ కాదు. అచ్చమైన ఇంగ్లండ్ పల్లెసీమ అనిపించే చతురస్రపు పొలాలు, తిన్నని కంచెలు చాలాచోట్ల పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో ఉమ్మడి భూములను చట్టాలతో విడగొట్టి పంచుకున్నప్పుడు పుట్టినవి. ఆ పంపకంలో పేదలు పచ్చిక మేపుకునే హక్కును పోగొట్టుకున్నారు. రైతు ఇప్పుడు కూడా దానిని మార్చగలడు. వ్యవసాయానికీ అడవి పెంపకానికీ భూమిని వాడుకోవడం చట్టం దృష్టిలో అభివృద్ధి కిందికి రాదు కాబట్టి, నైబర్‌హుడ్ ప్లాన్‌లో నాలుగో నంబరు బాణం కింద వర్ణించిన దృశ్యానికి అడ్డంగా రైతు మొక్కలు నాటుకుంటే, అవి చెట్లై దానిని మూసేసినా, ప్రణాళిక ఏమీ చేయలేదు. పాత కంచెను పీకాలంటే మాత్రం 1997నాటి నిబంధనల కింద చాలా సందర్భాల్లో కౌన్సిల్‌కు ముందుగా తెలియజేయాలి. కంచెను తీయడానికి అడగాలి, అడవిని పెంచడానికి ప్రణాళికా అనుమతి అడగక్కరలేదు అన్న ఈ వైచిత్రి, మామూలు పల్లెల దృశ్యం కోసం విడిగా రాసుకున్న చట్టమేదీ లేకపోవడంలోంచి వచ్చింది.

ఇంగ్లండులో స్థిరపడి, ఊళ్ల అంచున లేచిన కొత్త ఎస్టేట్లలో ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగు కుటుంబాలకు ఇందులో నేరుగా పనికొచ్చే సంగతి ఒకటుంది. వరుసలో చివరి ఇంటికి, వెనక పొలం కనిపిస్తుందని చెప్పి, అమ్మేవారు ఎక్కువ ధర అడగవచ్చు. ఆ పొలానికి రేపు దరఖాస్తు పడితే, ఆల్డ్రెడ్‌నాటి సూత్రం కొత్తగా వచ్చినవారికీ అంతే కచ్చితంగా వర్తిస్తుంది. అనుమతి వచ్చేస్తే దాని మీద అప్పీలు చేసుకునే హక్కు కూడా పొరుగువారికి లేదు, అది తిరస్కరణకు గురైన దరఖాస్తుదారుకే ఉంది. బయానా కట్టేముందు ఆ పారిష్ నైబర్‌హుడ్ ప్లాన్‌ను కౌన్సిల్ వెబ్‌సైటులో తెరిచి మూడు సంగతులు చూసుకోవచ్చు: ఆ పొలం మీదుగా ఏదైనా బాణం పోతోందా, ఆ బాణం మొదలు ప్రజలు నడిచే దారిలో ఉందా, ఆ ప్రణాళిక అమలులోకి వచ్చి ఎన్నేళ్లయింది.